రోజా ఉండలేని అత్తయ్యకు పండగ లేదా?

ప్రశ్న: మాది పాత గుంటూరు. నూర్‌బాషా ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మా అత్తయ్యకు అరవై దాటాయి. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. కిందటి రంజాన్‌లో ఎంత చెప్పినా వినకుండా రోజాలు (ఉపవాసాలు) ఉన్నారు. ఒక సాయంత్రం ఇంకాసేపట్లో ఇఫ్తార్ అనగా ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, వంటింట్లో పడిపోయారు. ఆసుపత్రికి తీసుకువెళితే షుగర్ బాగా పడిపోయిందన్నారు. మిగిలిన రోజాలు మాన్పించాం. అప్పటి నుంచి ఆమెకు ఒకటే దిగులు. పండగనాడు కొత్త చీర కట్టుకోలేదు, భోజనం దగ్గర కూడా సరిగ్గా కూర్చోలేదు. "రోజాలు ఉన్నవాళ్లది పండగ, నాకేముంది?" అన్నారు. ఈసారి ఏమైనా సరే నెలంతా ఉంటానంటున్నారు. మా ఆయనేమో "అమ్మ ఇష్టం, దీన్ (ధర్మం) విషయంలో మనం అడ్డుపడకూడదు" అంటారు. నేను గట్టిగా చెబితే కోడలు రోజాలు మాన్పించిందన్న మాట వస్తుంది. మా ఎనిమిదేళ్ల బాబు కూడా నానమ్మతో పాటు తానూ ఉంటానని పేచీ పెడుతున్నాడు. మొన్న పక్కింటి పిన్నిగారు "మీ ఉపవాసం దేనికమ్మా?" అని అడిగితే, పేదవాళ్ల ఆకలి తెలియడానికి అని చెప్పాను. అది సరైన జవాబేనా? అసలు రోజా లేనివాళ్లకు పండగ ఉందా, లేదా?
ఒక కోడలు, గుంటూరు

సమాధానం: చెల్లెమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఉంది. మీ అత్తయ్యకు పండగ ఉంది. అది మనం జాలిపడి ఆమెకు ఇచ్చేది కూడా కాదు, ధర్మప్రకారం ఆమెకు దక్కవలసినదే. అయితే ఈ మాట ఆమె మనసుకు ఎక్కాలంటే రోజా దేనికన్న దగ్గర మొదలుపెట్టాలి. అందుకే పిన్నిగారికి మీరు చెప్పిన జవాబును ముందు చూద్దాం.

పేదల ఆకలి తెలుస్తుందన్నది అబద్ధం కాదు. మనలో చాలామందిమి చిన్నప్పటి నుంచి విన్నమాటే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆకలి తెలుసుకోవడమే అసలు కారణమైతే, ఏడాది పొడవునా ఆకలి తెలిసినవాడికి రోజా ఎందుకు? మీ ఊరి మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ కూడా రంజాన్‌లో రోజా ఉంటాడు. అతనికి కొత్తగా తెలియవలసిన ఆకలి ఏముంది? యార్డులో సరుకు కొనే షావుకారు ముస్లిం అయితే ఆయనకూ, ఈ హమాలీకీ ఒకే ఆజ్ఞ, ఒకే వేళలు. పేదల బాధ తెలియడం రోజా వల్ల కలిగే మేలు. రోజా విధించిన కారణం ఇంకా లోతుగా ఉంది.

ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) అల్ బఖరాలో 183వ ఆయతు (వాక్యం) ఆ కారణం చెబుతుంది. విశ్వాసులారా, మీకు పూర్వం ఉన్నవారికి విధించినట్టే మీకూ ఉపవాసం విధించడం జరిగింది, మీలో దైవభీతి కలగాలని. ఇదీ దాని భావం. ప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు వలస వచ్చాక, హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో రంజాన్ ఉపవాసం విధి అయింది. ఆ దైవభీతి రోజాలో ఎలా అలవడుతుందో మీకు అనుభవమే. మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉంటారు. కుండలో చల్లటి నీళ్లుంటాయి. ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, సాయంత్రం అందరితో పాటు ఖర్జూరం నోట్లో వేసుకుంటే అడిగేవాళ్లు లేరు. అయినా తాగరు. నమాజు చేస్తే నలుగురికి కనిపిస్తుంది. హజ్‌కు వెళితే వీధి వీధంతా వచ్చి సాగనంపుతుంది. రోజా మాత్రం దాసుడికీ అల్లాహ్‌కూ మధ్యనే ఉండిపోతుంది. ఉపవాసం నా కోసం, దాని ప్రతిఫలం నేనే ఇస్తాను అని అల్లాహ్ అన్నట్టు ప్రవక్త చెప్పిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. నోరు కట్టుకున్నంత మాత్రాన సరిపోదని కూడా బుఖారీలోనే ఉంది: అబద్ధం మానని మనిషి అన్నపానీయాలు మానడం అల్లాహ్‌కు అవసరం లేదు.

ఇక సాయంత్రం సంగతి చూడండి. మగ్రిబ్ అజాన్ వినిపించే క్షణం వరకు వద్దన్న నీళ్లే, వినిపించగానే పుణ్యమవుతాయి. ఇంకో గంట ఓర్చుకోగలను, ఇంకాస్త పుణ్యం వస్తుంది అని ఎవరైనా ఆగితే? ఆగకూడదు. పొద్దు కుంకగానే ఇఫ్తార్‌కు త్వరపడాలని ప్రవక్త నేర్పారు. సహరీ, అంటే తెల్లవారకముందు తినే భోజనం, తినకుండా పడుకోవడం కూడా గొప్ప కాదు. సహరీ తినండి, అందులో బర్కత్ (శుభం) ఉంది అన్నారు. రాత్రీ పగలూ కలిపి వరసగా ఉపవాసం ఉండబోయిన సహచరులను ఆయన వారించారు. ఆకలి ఎంత పెరిగితే పుణ్యం అంత పెరుగుతుందన్న లెక్క ఇక్కడ ఎక్కడా కనిపించదు. ఆపమన్నప్పుడు ఆపాలి, తినమన్నప్పుడు తినాలి. రెండింటిలోనూ ఉన్నది ఒకే విధేయత. మీ అత్తయ్యకు చెప్పవలసిందంతా ఇదే. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తెల్లవారుజాము నుంచి ఆపమన్నవాడే, జబ్బుపడినప్పుడు మానుకోవచ్చన్నాడు. మొదటి మాట విని రెండో మాట విననంటే ఎలా?

రెండో మాట ఎక్కడుందంటారా? మొదటి మాట పక్కనే ఉంది. 183లో ఉపవాసం విధి అని చెప్పి, వెంటనే 184లో, మీలో జబ్బుగా ఉన్నవారూ ప్రయాణంలో ఉన్నవారూ వేరే రోజుల్లో ఆ లెక్క పూర్తి చేయాలని ఉంది. ఉపవాసం దుర్భరమైనవారు ఒక పేదకు అన్నం పెట్టడం పరిహారమని కూడా అక్కడే ఉంది. 185లో రంజాన్ ఖురాన్ అవతరించిన నెల అని, ఆ నెలలో ఉన్నవారు ఉపవాసం ఉండాలని చెప్పి, జబ్బువారి, ప్రయాణికుల మినహాయింపును మళ్లీ చెప్పారు. వరసగా రెండు ఆయతుల్లో ఒకే మినహాయింపు. ఆ వెంటనే, అల్లాహ్ మీకు సౌలభ్యం కోరుతున్నాడు, కష్టం కోరడం లేదు అన్న మాట. ఆజ్ఞ ఇచ్చిన చోటే, ఆజ్ఞతో పాటే వచ్చిన మినహాయింపు ఇది. తర్వాతి కాలంలో ఎవరో మెత్తబడి చేర్చింది కాదు. తెలుగులో ఖురాన్ అనువాదాలు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. మీరు ఆమెతో వాదించకండి. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని 183 నుంచి 187 వరకు ఐదు ఆయతులూ నెమ్మదిగా చదివి వినిపించండి. వంటింట్లో పడిపోయిన సంగతి ఎత్తవద్దు. ఆ పేరు ఎత్తితే ఆమెకు అవమానం గుర్తొస్తుంది, ఆయతు వినిపించదు.

ఇంకో మాట, ఇది ఆడవాళ్లు ఆడవాళ్లతోనే మాట్లాడుకోగలిగింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ప్రతి రంజాన్‌లోనూ నెలసరి రోజుల్లో రోజా వదిలే ఉంటారు. పురిటిలోనూ వదిలి ఉంటారు. ఆ రోజుల్లో ఉపవాసం ఉండకపోవడమే ఆజ్ఞ. తర్వాత వేరే రోజుల్లో ఉండి కజా చేసుకుంటారు. విశ్వాసుల తల్లి హజ్రత్ ఆయిషా (ర) కూడా తనకు మిగిలిపోయిన ఉపవాసాలను మరుసటి షాబాన్‌లో, అంటే రంజాన్‌కు ముందు నెలలో, పూర్తి చేసుకునేదాన్నని చెప్పారు. అలా వదిలిన ఏ రంజాన్‌లోనూ మీ అత్తయ్య తన ఈమాన్ (విశ్వాసం) తగ్గిందనుకోలేదు, పండగ చీర పక్కన పెట్టలేదు. ఆ రోజు శరీరం కారణంగా వచ్చిన సెలవును నిశ్చింతగా తీసుకున్న మనిషి, ఈ రోజు అదే శరీరం కారణంగా వచ్చిన సెలవుకు ఎందుకు కుమిలిపోవాలి? ఈ ప్రశ్న మీరు అడిగితే ఆమె వింటారనే నా నమ్మకం.

"రోజాలో ప్రాణం పోతే అంతకన్నా ఏం కావాలి" అని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది. రోజా ఆయతుల తర్వాత ఎంతో దూరం పోకుండానే, 195వ ఆయతులో, మీ చేతులారా మిమ్మల్ని మీరు నాశనంలోకి నెట్టుకోకండి అని ఉంది. అబూ దావూద్ సంకలనంలో ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒకతనికి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ తర్వాత అతనికి స్నానం తప్పనిసరయింది. గాయం ఉంది కదా, తయమ్ముమ్‌తో (నీళ్లకు బదులు మట్టితో చేసే శుద్ధితో) సరిపెట్టుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్లు ఉన్నాయి కాబట్టి వీల్లేదన్నారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. సంగతి తెలిసి ప్రవక్త ఆగ్రహించారు. వాళ్లే అతన్ని చంపారు, తెలియనప్పుడు ఎందుకు అడగలేదు అన్నారు. మీ ఆయన ఈ సంఘటన తెలుసుకోవాలి. తల్లి ఇష్టం అని తప్పుకోవడం గౌరవం అనిపించుకోదు. దీన్ విషయంలో అడ్డుపడకూడదన్నది నిజమే. ఇక్కడ దీన్ చెబుతున్నదేమిటో తెలుసుకుని తల్లికి చెప్పడం కొడుకు పని. కోడలికి మాట వస్తుందన్న మీ భయం కూడా దానితోనే పోతుంది. చెప్పవలసిందాయన, మీరు కాదు.

వైద్యం సంగతి తేల్చకుండా మాట్లాడితే లాభం లేదు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే షుగర్ రోగులు డాక్టరును కలవాలన్నది అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య సలహా. అందరు షుగర్ రోగులకూ ఒకే జవాబు ఉండదు. మాత్రలతో అదుపులో ఉన్నవారు చాలామంది డాక్టరు పర్యవేక్షణలో రోజాలు ఉంటున్నారు. ఇన్సులిన్ మీద ఉండి, రోజాలో షుగర్ పడిపోయి ఆసుపత్రి పాలైన మనిషి విషయం వేరు, ప్రమాదం చాలా ఎక్కువ. డాక్టరు వద్దంటే ఇక అక్కడితో ఆగాలి. ఇన్సులిన్ మోతాదును ఇంట్లో సొంతంగా తగ్గించి రోజా ఉందామన్న ఆలోచన అసలే వద్దు. మిగతా పాఠకుల కోసం కూడా చెబుతున్నాను: వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు, ఇన్సులిన్ సూది వేసుకున్నా పోదు అన్నది నేటి ఆలింలలో (ధర్మపండితుల్లో) ఎక్కువమంది చెప్పే మాట. రక్తం వస్తుందన్న భయంతో పగలంతా పరీక్ష చేసుకోకుండా ఉండి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. రోజాలో ఉన్న షుగర్ రోగికి రక్తంలో షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా, లేదా వణుకు, చెమట, మైకం కనిపించినా వెంటనే రోజా విప్పాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా ఆగకూడదు.

కిందటి ఏడు మధ్యలో తెగిన ఆ రోజా గురించి కూడా ఆమె లోపల కుమిలిపోతూ ఉండవచ్చు. ప్రాణాపాయంలో విప్పిన రోజాకు పాపం లేదు, కఫ్ఫారా (ప్రాయశ్చిత్తం) లేదు. అరవై రోజుల కఫ్ఫారా అనేది ఏ కారణమూ లేకుండా కావాలని చెడగొట్టుకున్నవారి విషయం. ఆమెకు ఉన్నది కజా, అది చేతకాకపోతే ఫిదియా, అంటే పైన చెప్పిన పేదకు అన్నం పెట్టే పరిహారం.

ఈ రెండింటిలో ఏది అన్నది తేలడానికి డాక్టరు మాట కావాలి, తర్వాత మీ మసీదు ఇమాం సాహెబ్ మాట కావాలి. కోలుకునే ఆశ ఉన్నవారు ఫిదియా ఇచ్చి చేతులు దులుపుకోలేరు, తర్వాత కజా చేయాలి. గుంటూరులో చలికాలపు పగలు, ఎండాకాలపు పగలు కన్నా రోజా లెక్కన దాదాపు రెండు గంటలు తక్కువ. డిసెంబరులో విడివిడిగా ఒక్కొక్కటి ఉండవచ్చని డాక్టరు అంటే అలా తీర్చుకోవచ్చు. పైగా రంజాన్ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో మే నెల మధ్యలో మొదలై మన ఎండల్లో నడిచిన నెల, 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. ఇక ఎప్పటికీ ఉండలేని స్థితి అని తేలితే, ఒక్కో రోజాకు ఒక పేదకు రెండు పూటలా కడుపునిండా భోజనం. హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో ఫిత్రా (పండగ నమాజుకు ముందు పేదలకిచ్చే దానం) అంత మొత్తమైనా ఇవ్వవచ్చు. నా సలహా అడిగితే డబ్బు లెక్కగట్టి కవరులో పెట్టి పంపకండి. ఆమె చేతనే వండించండి లేదా వడ్డింపించండి. ఎవరికి పెట్టాలో ఇమాం సాహెబ్‌ను అడిగి తెలుసుకుని, నెలంతా ఆమె చేతిమీదుగా ఆ భోజనం వెళ్లేలా చూడండి. రోజా ఉండలేకపోయినా ఏ రోజుకారోజు ఆ లెక్క తీరుతున్నట్టు ఆమెకు తెలియాలి.

దానికి తోడు ఇఫ్తార్ ఉంది. రోజాదారుకు ఇఫ్తార్ ఇచ్చినవారికి ఆ రోజాదారుకు వచ్చినంత పుణ్యమే వస్తుంది, అతని పుణ్యంలో ఏమీ తగ్గదు అన్న హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. బుఖారీ, ముస్లింలో మరొకటి ఉంది, ఇది ఆమెకు తప్పకుండా చెప్పండి. ఎండలు మండుతున్న రోజున ప్రవక్తతో కలిసి ప్రయాణంలో ఉన్నవారిలో కొందరు ఉపవాసం ఉన్నారు, కొందరు లేరు. ఒకచోట దిగేసరికి ఉపవాసం ఉన్నవారు సొమ్మసిల్లి పడుకున్నారు. లేనివారు లేచి గుడారాలు వేశారు, ఒంటెలకు నీళ్లు పెట్టారు. ఈ రోజు పుణ్యమంతా ఉపవాసం లేనివారే తీసుకుపోయారు అన్నారు ప్రవక్త. మీ ఇంట్లో ఖర్జూరాలు గిన్నెల్లో సర్ది, పండ్లు కోసి, సెనగ గుగ్గిళ్లు తాలింపు పెట్టి, అజాన్ వేళకు అందరి చేతికీ నీళ్లు అందించే ఆమె ఆ జనంలోనే ఉన్నారు. సహరీకి అందరికన్నా ముందు లేచి ఇంటిని లేపేది కూడా ఆమే అయి ఉంటారు. ఆ పని ఆమె నుంచి తీసేసి, జబ్బుమనిషని మంచం మీద కూర్చోబెట్టకండి. ఆమెకు రంజాన్ దూరమయ్యేది అప్పుడే. తిలావత్ (ఖురాన్ పఠనం), తస్బీహ్ (దైవస్మరణ), కూర్చునైనా తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు), చివరి పది రాత్రుల్లో ఓపికున్నంత మేలుకోవడం, వీటికి షుగర్ అడ్డం కాదు.

ఇప్పుడు పండగ. ఈదుల్ ఫితర్‌ను చాలామంది రోజాలకు ముట్టే కూలి అన్నట్టు చూస్తారు. ముప్ఫై రోజులు పనిచేసినవాడికి కూలి, చేయనివాడికి లేదు. మీ అత్తయ్య మనసులో ఉన్న లెక్క కూడా ఇదే. ధర్మంలో మాత్రం పండగ లెక్క వేరుగా ఉంది. ఫిత్రానే తీసుకోండి. పెద్దలతో పాటు పిల్లల తరఫున కూడా ఇవ్వాలని హదీసు. రోజా అంటే ఏమిటో తెలియని చంటిబిడ్డ పేరున కూడా తండ్రి ఫిత్రా ఇస్తాడు. పండగ నమాజుకు బయలుదేరే లోపే అది పేదవాడి ఇంటికి చేరాలి, ఆ రోజు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకుండా ఉండకూడదని. ఉపవాసం ఉండని పసివాడు పండగలో భాగస్తుడైనప్పుడు, జీవితమంతా ఉండి ఈనాడు ఒళ్లు సహకరించక ఆగిన మనిషి కాకుండా పోతారా?

ప్రవక్త సహచరి ఉమ్మె అతియ్యా (ర) చెప్పిన హదీసు ఇంకా స్పష్టంగా ఉంది. పండగనాడు ఆడపిల్లలను, నెలసరిలో ఉన్న స్త్రీలను కూడా ఈద్గా మైదానానికి తీసుకురమ్మని ప్రవక్త ఆదేశించారు. వాళ్లు నమాజు స్థలానికి కాస్త ఎడంగా ఉండాలి, దువాలో (వేడుకోలులో), ఆ మేలులో పాలుపంచుకోవాలి. కప్పుకునే వస్త్రం లేని స్త్రీకి తోటి స్త్రీ తనది ఇవ్వాలన్నారు. మన జిల్లాల్లో చాలాచోట్ల ఆడవాళ్లు ఈద్గాకు వెళ్లే అలవాటు లేదు, ఆ చర్చ ఇప్పుడు మనకు వద్దు. నేను చూపేది ఒక్కటే. ఆ రోజు నమాజు కూడా లేని స్త్రీని సైతం ఇంట్లో వదిలి రావద్దన్నారంటే, పండగలో ఎవరిని చేర్చాలి, ఎవరిని తీసేయాలి అన్న ప్రశ్నే ఆయన మిగల్చలేదు.

185వ ఆయతు చివరి మాట ఆమెకు మళ్లీ ఒకసారి వినిపించండి. లెక్క పూర్తి చేయండి, మీకు సన్మార్గం చూపినందుకు అల్లాహ్ ఘనతను కొనియాడండి, కృతజ్ఞులై ఉండండి. పండగనాడు ఈద్గాకు వెళుతూ చదివే తక్బీర్‌కు (అల్లాహు అక్బర్ అని కొనియాడడానికి) పండితులు చూపే ఆధారం ఈ ఆయతే. జబ్బువారికి సెలవు ఇచ్చినదీ ఈ ఆయతే. లెక్క పూర్తి చేయమన్నప్పుడు ఆ లెక్కలో జబ్బువారి "వేరే రోజులు" కూడా ఉన్నాయి. తక్బీర్ చెప్పమన్నది సన్మార్గం దొరికినందుకు. అది మీ అత్తయ్యకూ దొరికింది కదా. రంజాన్ ఖురాన్ వచ్చిన నెల. ఖురాన్ రోజా ఉన్నవారి కోసం మాత్రమే రాలేదు.

పండగనాడు తిండి మానేసి దిగులుగా కూర్చోవడం భక్తి అనుకుంటున్నారేమో, ఆ రోజు ఉపవాసం ఉండడం నిషిద్ధం. నమాజుకు వెళ్లే ముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినడం ప్రవక్త అలవాటు. స్నానం, ఉన్నంతలో మంచి బట్టలు, అత్తరు, వెళ్లిన దారిన కాక వేరే దారిన తిరిగి రావడం, ఇవన్నీ ఆ రోజు సున్నత్‌లే (ప్రవక్త ఆచారాలే). ఒక పండగనాడు మదీనాలోని మస్జిదె నబవీలో అబిసీనియా వాళ్లు ఈటెలతో ఆడుతుంటే, హజ్రత్ ఆయిషా విసుగు పుట్టేదాకా చూసేందుకు ప్రవక్త తానే ఆమెకు చాటుగా నిలబడ్డారు. సంతోషించడం ఆ రోజు ఆరాధనలో భాగం. కాబట్టి ఈసారి చాంద్ రాత్‌కు (పండగ నెలవంక కనిపించే రాత్రికి) నాలుగు రోజుల ముందే ఆమెను లాలాపేటకు తీసుకువెళ్లి చీర ఆమెనే ఎంచుకోనివ్వండి. షీర్ ఖుర్మా (తీపి సేమ్యా పాయసం) ఎంత తినవచ్చో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. ఆమె పేరున ఫిత్రా ఆమె చేతితోనే ఇప్పించండి.

బాబు విషయం చిన్నది. యుక్తవయసు వచ్చేదాకా రోజా విధి కాదు. సహరీకి లేపండి, ఓపికున్నంతసేపు ఉండనివ్వండి, నీరసపడితే తినిపించండి. పిల్లలను బొమ్మలతో మరిపిస్తూ మెల్లగా అలవాటు చేసిన సంగతి హదీసుల్లో ఉంది. కాకపోతే వాడి పేచీకి కారణం నానమ్మే కాబట్టి ఆ పని ఆమెకు అప్పగించండి. నీకు ఇంకా వయసు రాలేదు, నాకు ఒంట్లో బాగాలేదు, మనిద్దరికీ అల్లాహ్ సెలవు ఇచ్చాడు అని మనవడికి ఆమె చెప్పగలిగితే, తనకూ చెప్పుకున్నట్టే.

మీ ఆయన రంజాన్‌కు కనీసం ఆరు వారాల ముందే తల్లిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. డాక్టరు ఆ మాటను కొడుకుతోనో కోడలితోనో కాకుండా నేరుగా ఆమెతో చెప్పేలా చూడాలి. అదే వారంలో ఇమాం సాహెబ్‌ను ఇంటికి పిలిచి, ఫిదియా సంగతి ఆమె ఎదుటే అడగాలి. నెలవంక కనిపించాక ఈ చర్చ మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.